జేబెజ్ హార్కర్‌కి ఇంకా తేలలేదు

అందుకే అంటున్నాను, మీరు ఆయన్ని ఒక్కసారి వానలో చూసి ఉంటే నేనింత చెప్పక్కర్లేదు. బడి పెరట్లో నిలబడి ఉన్నాడు. టోపీ అంచు చుట్టూ చూరునీళ్ళలా ధార కారుతోంది. కోటు ఒంటికి అంటుకుపోయింది. బూట్లలో నీళ్ళు నిండి, కాలు కదిపినప్పుడల్లా కప్ప కూసినట్టు చప్పుడొస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను.

“జేబెజ్ హార్కర్, వాన పడుతోందని తెలుస్తోందా నీకు?”

ఆయన అరచెయ్యి చాపి చూసుకున్నాడు. తల పైకెత్తి ఆకాశాన్ని చూశాడు. 

“నా మీద పడుతోంది, కెజియా. మిగతా ఊరి సంగతి ఇంకా తేలలేదు.”

ఆయన గుణం అదొక్కటే. డెబ్బై ఒక్క ఏళ్ళు బతికాడు, ఏ సంగతీ తేల్చి చెప్పిన పాపాన పోలేదు. తాగుబోతు కాదు, కోపిష్ఠి కాదు, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. థార్న్‌బెక్ బడిలో నలభై ఏళ్ళు లెక్కలు, భూగోళం చెప్పాడు. ఖాళీ దొరికితే గాజుగొట్టాలు, త్రాసులు, సీసాలు ముందేసుకుని లోకం ఎలా నడుస్తోందో కొలిచేవాడు. కొలిచి కొలిచి చివర్న ‘ఇంకా తేలలేదు’ అనేవాడు. పిల్లలు ఆయన వెనకాల ఆ మాటే అనుకుంటూ నడిచేవాళ్ళు. ఆయనకి వినబడేది. ఎవరన్నారో మాత్రం తేలేది కాదు.

నేను ఆ బడి వంటమనిషిని. చదువు అంతంతమాత్రం. మాదో చిన్న క్రైస్తవ సంఘం. బయటివాళ్ళు మమ్మల్ని క్వేకర్లంటారు, మేము మాత్రం స్నేహితులం అని చెప్పుకుంటాం. మాలో గారూ లేదు, మీరూ లేదు. మాస్టారైనా, దొరైనా, గొర్రెల కాపరైనా పేరు పెట్టి నువ్వు అనడమే. 

పొద్దున్నే ఓట్స్ జావ పోసి, ఉప్పు సరిపోయిందా అని ఆయన్ని అడగడం నాదే బుద్ధితక్కువ. ఒక గిన్నె తాగి, “ఇది ఒక్క గిన్నె మాటే కదా” అనేవాడు. రెండోది తాగి, “మొదటిదానికీ దీనికీ తేడా ఉంది. తేడా జావలో ఉందో నా ఆకలిలో ఉందో చూడాలి” అనేవాడు. మూడోది తాగి చెంచా కింద పెట్టి ఆలోచించేవాడు.

“ఇప్పుడైనా తేలిందా?”

“లేదు. జావ అయిపోయింది.”

ఒకసారి మా పక్క భూముల దొర, వేట సరదా ఉన్నవాడు, గుర్రమ్మీద వచ్చి పెరటి గోడ దగ్గర ఆగాడు. “ఏమయ్యా, రోజూ ఆ గొట్టాలు పెట్టుకుని గాలీ వానా కొలుస్తావట. రేపు వేటకి పోవచ్చా, లేదా?”

“నువ్వు పోవచ్చు. రోజు ఎలా ఉంటుందో రేపు సాయంత్రం చెబుతాను.”

నువ్వు అన్నందుకే దొర మొహం కందగడ్డ అయింది. “రేపు సాయంత్రానికి నాకే తెలుస్తుంది కదయ్యా.”

“అయితే నువ్వే నాకు చెప్పు. నా దగ్గర ఒక్క పెరటి లెక్కే ఉంది, నీకు కొండంతా తిరిగే వీలుంది.”

దొర గుర్రాన్ని అదిలించి వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం తడిసి ముద్దయి, అదే గోడ దగ్గర ఆగి, “మధ్యాహ్నం రెండు దాటాక, పడమటి వైపు నుంచి” అని చెప్పి మరీ పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు చెబుతూనే ఉన్నాడు. ఆయనతో అదే చిక్కు. తిట్టుకుంటూనే ఆయన పని చేసిపెట్టేవాళ్ళం.

కిటికీ అద్దం సంగతీ అంతే. బంతి ఆటలో ఒక అద్దం పగిలింది. పిల్లలేమో చలికి బీటలిచ్చిందన్నారు. బంతి తగిలితే ఎలా పగులుతుందో చూస్తే గానీ తెలియదని ఈయన అదే బంతి తీసుకుని పక్క అద్దం మీద విసిరాడు. అది వేరేలా పగిలింది. ఒక్కదాన్ని బట్టి చెప్పలేమని ఇంకో రెండు. ఆ చలికాలమంతా భూగోళం క్లాసు నాలుగు కిటికీలకీ గోనెపట్టాలు కట్టుకుని చీకట్లో జరిగింది. మొదటి అద్దం పగలగొట్టినవాడు భరించలేక తనే వచ్చి ఒప్పుకున్నాడు. “నీ ఒక్కడి మాటేగా” అని వాణ్ణి పంపించేశాడు.

ఇక నత్తలు. నత్తని ఇంటికి దూరంగా తీసుకెళ్ళి వదిలితే తిరిగి తన గోడకే వస్తుందా రాదా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. ఒక్కో నత్త వీపు మీద రంగుతో అంకె వేసి, బుట్టలో పెట్టుకెళ్ళి వాగు అవతల వదిలి వచ్చేవాడు. వచ్చినవి వచ్చేవి, రానివి రావు. అన్నీ తినేది మాత్రం నా క్యాబేజీలే. ఒకనాడు నేను ఒకదాన్ని చెప్పుకింద పెట్టబోతున్నాను, ఆయన అరుగు దిగి పరుగెత్తుకొచ్చాడు.

“ఆగు కెజియా, అది నలభై ఒకటి.”

“నలభై ఒకటో నాలుగొందలో, అరవై మంది పిల్లలకి కూర ఏం పెట్టను?”

“అది వాగు అవతల నుంచి పదకొండు రోజులు నడిచి వచ్చింది.”

“వచ్చింది కదా, మరి తేలినట్టేగా? నత్తలు ఇల్లు చేరతాయని రాసేసుకో.”

“దీనికి ఇల్లే కావాలో, నీ క్యాబేజీ కావాలో ఇంకా...”

“తేలలేదు. తెలుసులే.” నేను కాలు తీసేశాను. ఆ వారం పిల్లలు ఉల్లిపాయలు తిన్నారు.

ఆయనకి పెళ్ళి ఎందుకు కాలేదో వేరే చెప్పాలా? రేచల్ ఎయిరీ అని, పక్క లోయలో మంచి పిల్ల. ఏడేళ్ళు వారానికోసారి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చునేవాడు. ఎనిమిదో ఏట ఆమె లాంకస్టర్ పట్నం వెళ్ళి టోపీలు చేసేవాణ్ణి చేసుకుంది. పదేళ్ళ తర్వాత నేను నోరు జారి ఆమె మాటెత్తితే, “మంచి మనిషేననుకుంటాను” అన్నాడు. అంతకు మించి ముందుకెళ్ళలేదు.

ఇలాంటి మనిషి చేతిలో నా బతుకు పెట్టారు. ఎలాగో చెబుతాను.

నేను నెడ్ ఆల్డర్సన్‌ని చేసుకున్నాను. బండి తోలేవాడు. మంచివాడే, కాని స్నేహితుడు కాదు. మీరు చర్చి అంటారే, దాన్ని మేము గోపురం ఇల్లంటాం, అక్కడ గంట కొట్టేవాడు. వాళ్ళ పాదిరి ముందు నిలబడి పెళ్ళాడాం. మా కట్టుబాటు ప్రకారం పాదిరి చేత పెళ్ళి చేయించుకుంటే సంఘం పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారు. మా అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ, అందరి పేర్లూ ఆ పుస్తకంలో ఉన్నాయి. పేరు పోతే బడి వంటిల్లు కూడా పోతుంది, అక్కడ స్నేహితులే పనిచెయ్యాలి.

అయితే ఊరికే కొట్టెయ్యరు. నెలకోసారి జరిగే కూటంలో ఇద్దర్ని ఏర్పాటు చేస్తారు. వాళ్ళు ఇంటికొచ్చి, మంచిగా మాట్లాడి, చివర్న ఒక ప్రశ్న అడగాలి: చేసినదానికి విచారిస్తున్నావా? అవునంటే పేరు ఉంటుంది. లేదంటే పోతుంది. ఆ జవాబు పట్టుకెళ్ళి కూటంలో చెబితే వాళ్ళ పని అయిపోయినట్టు.

ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది అంటారు మీరు. మాకు చేతకాదు. కోర్టులో ప్రమాణం కూడా చెయ్యం, మామూలు మాటే ప్రమాణం లాంటిది కాబట్టి. నెడ్‌ని చేసుకున్నందుకు నాకు విచారం లేదు. అతని గురక విషయంలో కొంచెం ఉంది గానీ, కూటానికి చెప్పుకునేంత లేదు.

కూటం పుస్తకం రాసేది అమోస్ బింక్స్, తోళ్ళ వ్యాపారి. పుస్తకంలో ఒక వాక్యం సగంలో ఆగితే అతనికి తిండి సయించదు. చదువుకున్నవాడు కదా అని జేబెజ్ హార్కర్‌ని, తోడుగా ముసలి ప్రిసిల్లాని నా దగ్గరికి పంపాడు. నెలలో తేలిపోతుందనుకున్నాడు పాపం.

మొదటిసారి వచ్చిన రోజు నేను అల్లం కేకు చేసి పెట్టాను. ప్రిసిల్లా రెండు ముక్కలు తిని కుర్చీలోనే కునుకు తీసింది. జేబెజ్ హార్కర్ టోపీ తియ్యకుండా నా ఎదురుగా కూర్చుని, పొయ్యిలో పొగ ఏ వైపు పోతోందో చూస్తున్నాడు. 

నెడ్ మర్యాదగా, “మాస్టారూ, టీ తీసుకుంటారా?” అన్నాడు.

“నా పేరు జేబెజ్. నువ్వు గంట కొడతావట. ఎంత దూరం వినబడుతుంది?”

“గాలిని బట్టి, మాస్టారూ. అవతలి గుట్టదాకా పోతుంది.”

“జేబెజ్. ఎంతసేపట్లో పోతుంది?”

“ఠక్కున పోతుంది కదండీ.”

“అది తేలాలి.”

ఇద్దరూ గంటల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. నేను ఇక ఆగలేకపోయాను. తాడో పేడో తేలిపోతే బాగుండునని ఉంది నాకు. “జేబెజ్ హార్కర్, నువ్వొచ్చిన పని మాట్లాడదాం. నేనేమీ విచా...” అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. “పెరట్లో పిట్ట ఏదైనా ఉందేమో చూసొస్తాను” అని వెళ్ళిపోయాడు. అటునుంచి అటే బడికి పోయాడు. ప్రిసిల్లాని నెడ్ బండిలో ఎక్కించి దింపి వచ్చాడు.

మేము వారాలకి పేర్లు వాడం, అంకెలే. ఆ వచ్చే నాలుగో రోజు, అంటే మీ బుధవారం, నెడ్ గోపురం ఎక్కాడు. ఈయన గడియారం పట్టుకుని అవతలి గుట్ట ఎక్కాడు. నెడ్ తెల్లగుడ్డ ఊపి గంట కొట్టడం, గుడ్డ కనబడ్డాక చప్పుడు చేరడానికి ఎంతసేపో ఈయన చూసుకోవడం, ఇదీ ఒప్పందం. తొమ్మిదిసార్లు కొట్టమన్నాడు. మా వైపు తొమ్మిది దెబ్బలంటే మగమనిషి పోయాడని. ఊరు ఊరంతా పనులొదిలి గోపురం ఇంటికి పరుగెత్తింది. ఎవరా అని వాళ్ళు ఆరా తీస్తుండగానే, గుట్ట మీద నుంచి ఈయన ఇంకోసారి అని చెయ్యి ఊపాడు. ఇంకో తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. ముగ్గురు మగాళ్ళు పోయారని తేల్చుకుని, బతికున్న మగాళ్ళందరినీ వరసలో నిలబెట్టి లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. గుట్ట మీదున్నవాడు ఒక్కడే తక్కువ. పోయినవాడు జేబెజ్ హార్కరే అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన గడియారం చూసుకుంటూ దిగి వచ్చాడు.

ఆ నెల కూటంలో నా సంగతి వచ్చింది. వచ్చినప్పుడు నేను బయటికి పోవాలి. పోయాను. తలుపుకి చెవి ఆనించి విన్నాను, దాచడం ఎందుకు.

“జేబెజ్ హార్కర్, స్నేహితుడివై ఉండి గోపురం ఇంటి గంట కొట్టించావా?” అమోస్ గొంతు.

“నెడ్ కొట్టాడు, నేను విన్నాను. చెవులు మూసుకోవాలని మన కట్టుబాట్లలో ఉందా?”

“సరే, అది వదిలెయ్. కెజియాని చూశావా?”

“చూశాను. బాగుంది. కేకు కూడా బాగుంది, ఇద్దరం తిన్నాం కాబట్టి ఆ మాట అనగలను.”

“విచారిస్తోందా, లేదా?”

“ఇంకా తేలలేదు. ఇంకో నెల చూడాలి.”

‘పై నెలకి వాయిదా’ అని రాయడానికి అమోస్ కలం కాగితం మీద గీరిన చప్పుడు బయటికి వినబడింది.

పై నెలా అంతే. ఆ పై నెలా అంతే. నేను ఆ మాట ఎత్తబోయిన ప్రతిసారీ ఆయన పిట్ట ఉందేమో చూడ్డానికి లేచేవాడు. ఒకసారి చెప్పులు లేకుండా లేచాడు. ఒకసారి మంచులో లేచాడు. ఒకసారి తలుపు గడియ పడి ఉంటే కిటికీలోంచి దిగాడు, అప్పటికి ఆయనకి యాభై దాటాయి. మూడో ఏట ప్రిసిల్లా పోయింది. “ఇద్దరు చూడాల్సింది ఒక్కడే చూసినట్టయింది, మొదట్నుంచి మొదలుపెట్టాలి” అన్నాడు కూటంలో. వేరేవాళ్ళని పంపుదామని అమోస్ ఎన్నోసార్లు అన్నాడు. కాని మా కూటంలో చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. ఒక్కరు ‘నాకు మనసొప్పడం లేదు’ అంటే పని ఆగిపోతుంది. ఈయనకి మనసొప్పేది కాదు.

ఇరవై మూడేళ్ళు. మీకు నవ్వొస్తుంది. నాకు రాలేదు. ప్రతి కూటం ముందురోజు ఇదే ఆఖరనుకుని వంటింట్లో గిన్నెలన్నీ తోమి, కొత్తమనిషికి వీలుగా సర్ది పెట్టేదాన్ని. ఉన్నానా అంటే ఉన్నాను, పోయానా అంటే పోలేదు. ఇంత నాన్చుడు మనిషి చేతికా నన్ను అప్పజెప్పారని నెడ్ దగ్గర తిట్టిపోసేదాన్ని. “పోనిద్దూ, నాకు గంట కొట్టే పని దొరికింది” అనేవాడు నెడ్.

ఆఖరిసారి వచ్చింది చలికాలం చివర్లో. దగ్గుతున్నాడు. కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. కేకు పెట్టాను. ఎదురుగా నేనూ కూర్చుని, ఈసారి లేవలేడు కదా అని ధైర్యం చేశాను.

“జేబెజ్ హార్కర్, పుణ్యముంటుంది, ఆ ప్రశ్న అడిగెయ్. నేను జవాబు చెప్పేస్తాను. నీ పనీ అయిపోతుంది, నా పీడా వదులుతుంది.”

ఆయన కేకు తుంపి నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలాడు.

“అడగను.”

“ఎందుకడగవు?”

“అడిగితే నువ్వు నిజం చెబుతావు.”

ఆయన నోట అంత ఠక్కున ఒక మాట రావడం నేనెప్పుడూ వినలేదు.  

పొయ్యి దగ్గర నుంచి నెడ్ అన్నాడు, “అంటే, మాస్టారూ, మీకు మొదట్నుంచీ తెలుసన్నమాట.”

“నాకెలా తెలుస్తుంది? నేనడగలేదు, ఆమె చెప్పలేదు. కూటంలో ఎన్నిసార్లు అడిగినా నేను చెప్పింది అదే.”

“మరి ఆ పిట్టలు?” అన్నాను నేను. “ఇరవై మూడేళ్ళు పెరట్లో పిట్టలున్నాయని అబద్ధం ఆడావా?”

ఆయన చాలా నొచ్చుకున్నట్టున్నాడు. “ఉన్నాయని ఎప్పుడన్నాను? ఉన్నాయేమో చూస్తానన్నాను. చూశాను కూడా. అప్పుడప్పుడు ఉండేవి.”

ఇంకో ముక్క అడిగి తీసుకుని, జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పదిహేను రోజులకి పోయాడు. గోపురం ఇంటికి ఆయనకీ ఏ సంబంధం లేకపోయినా నెడ్ ఎవర్నీ అడక్కుండా తొమ్మిది కొట్టాడు. మావాళ్ళెవరూ చెవులు మూసుకోలేదు.

ఆ నెల కూటంలో మళ్ళీ నా సంగతి వచ్చింది. నేను బయటికి పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. కెజియాని చూడ్డానికి ఏర్పాటైన ఇద్దరూ ఇప్పుడు లేరని, ఆ పని అందుకునేవాళ్ళు లేచి చెప్పాలని అమోస్ అన్నాడు. లోపల నలభై మందికి తక్కువ లేరు. ఎవరూ లేవలేదు. మాకు మాట తోచేదాకా మౌనంగా కూర్చోవడం అలవాటే, కాని అంత పొడుగు మౌనం నేనెరగను. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒకరెవరో దగ్గారు. ఒక బల్ల కిర్రుమంది, ఎవరైనా లేచారేమోనని తలుపు సందులోంచి తొంగి చూశాను. సర్దుకుని కూర్చున్నారంతే. చివరికి కలం గీరిన చప్పుడు వినబడింది.

కూటం ముగిసి ముందు బయటికొచ్చింది అమోస్ బింక్సే. నన్ను చూసి ఆగాడు. అతను తలుచుకుంటే అక్కడికక్కడే అడగొచ్చు, నేను నిజమే చెబుతానని అతనికి తెలుసు. పుస్తకంలో ఆ వాక్యం పూర్తి చేసుకోవాలని ఇరవై మూడేళ్ళుగా తహతహలాడుతున్న మనిషి.

“కెజియా.”

“ఏమిటి, అమోస్ బింక్స్?”

నన్ను చూశాడు. చంకలో ఉన్న పుస్తకం చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“బయట గాలి బాగా ఉన్నట్టుంది.”

“ఉంది.”

“సరే మరి” అని టోపీ నొక్కుకుని వెళ్ళిపోయాడు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఆ పనికి మనిషి దొరకలేదని పుస్తకంలో నెలకో వాక్యం పడుతూనే ఉంది. వంటిల్లు నా చేతిలోనే ఉంది. అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నా జేబెజ్ హార్కర్ వదిలేసి పోయిన చోటే ఉంది. అందుకోవడానికి ఎవరికీ మనసొప్పడం లేదు.